కట్ట కింద ఎవరూ లేరు

ఆ కట్టను కట్టింది ఒక లోడర్ డ్రైవర్. ఇంజనీరు లేడు, కొలత లేదు, మట్టిని తొక్కించడానికి ఒక రోలర్ కూడా లేదు. ఖతర్‌లో ఉత్తరాన, గ్యాస్ ప్లాంట్ల వైపు వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఒక మజ్రా ఉండేది. మజ్రా అంటే అక్కడి మాటలో తోట. దాని యజమానిని మేము అర్బాబ్ అని పిలిచేవాళ్ళం. చలికాలంలో పడే నాలుగు చినుకులు పల్లంలోకి పారి ఇంకిపోవడం చూసి ఆయనకు ముచ్చట పుట్టింది. లోడర్‌ను పిలిపించి పల్లానికి అడ్డంగా మట్టి తోయించాడు. ఇంటి ఎత్తున కట్ట లేచింది. ఎడారిలో చెరువు తయారైంది.

చమురు ధర రోజురోజుకూ ఎగబాకుతున్న కాలం అది. దోహాలో తలెత్తితే క్రేన్లే కనబడేవి. డబ్బు చేసిన ప్రతివాడికీ ఒక సరదా కావాలి కదా! ఒకాయనకు ఒంటెలు, ఒకాయనకు డేగలు, మా అర్బాబ్‌కు చెరువు. వాన నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి? అందుకని బోరు వేయించి, ఆ నీళ్ళను కూడా అందులోకే తోడించేవాడు. తోడేవాణ్ణి నేనే. పంపు ఆపరేటర్ అని నా వీసా మీద ఉండేది. శుక్రవారాలు ఆయన కుటుంబం వచ్చేది. చెరువుకు ఎగువన గుడారం వేసి, తివాచీలు పరిచి, బాతులను చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళు.

మా గదులు మాత్రం కట్టకు దిగువన, సరిగ్గా దాని పాదాల దగ్గర ఉండేవి. రేకు గోడల పోర్టా క్యాబిన్లు, రెండు. అక్కడే ఎందుకంటే, ఆడవాళ్ళు వచ్చే తోటలో కూలీ మగవాళ్ళ గదులు, మా లుంగీలు ఆరేసిన తీగలు కనబడకూడదు. కట్ట మంచి పరదా అయింది. ఆ పరదా వెనక ఆరుగురం ఉండేవాళ్ళం. అందులో నేనొకణ్ణి, మా అక్క భర్త ఒకరు. మిగిలిన వాళ్ళూ మా జిల్లాల వాళ్ళే.

మా బావ గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. ఊళ్ళో ఆయనకు మంచి పొలం ఉండేది. ప్రాజెక్టు కట్టినప్పుడు పొలమూ ఇల్లూ ఊరూ అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. సర్కారు ఇచ్చిన కాలనీలో మా అక్కను, పిల్లలను ఉంచి, నా వెంట ఇక్కడికి వచ్చాడు. ఆ వయసువాడికి ఇంకో వీసా ఎవడిస్తాడు? ఈ ఉద్యోగం పోతే ఇక ఇంటిదగ్గర గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రోజూ లేవగానే ఆయన మొదటి దిగులు అదే.

రెండో ధ్యాస పుంటికూర. ఇంటినుంచి విత్తనాలు గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. ఎగువన చల్లితే మొలవలేదు. కట్ట కింద, మా గది వెనక చల్లితే నీళ్ళు పోయకుండానే నడుమెత్తు లేచింది. మట్టి ఎప్పుడూ తడిగా, మెత్తగా ఉండేది. చుట్టూ మైళ్ళకొద్దీ నిప్పులాంటి ఎండలో, అక్కడొక్కచోట అరచేతంత ఆకు. బావ దాని ముందు గొంతుక్కూర్చుని మురిసిపోయేవాడు.

"చూసినవారా బామ్మర్దీ, ఎడారి అంటరు గని భూమి తల్లి యాడైనా తల్లే" అనేవాడు.

"తల్లి కాదు బావా, నేను తోడుతున్న బోరు నీళ్ళు. కట్టలోంచి ఊరుతున్నాయి" అనేవాణ్ణి.

"ఊరితే ఊరనీయ్. కట్ట అన్నంక జాలు పట్టదా? మా ఊరి చెరువు కింద జాలుకే కదరా రెండు పంటలు పండింది!"

అది నిజమే. మా వైపు చెరువు కట్టల కింద మట్టి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ భయపడరు, పైగా ఆ మడి దొరికినవాణ్ణి అదృష్టవంతుడంటారు. ఆ కట్టలు తరాలుగా ఎడ్లూ మనుషులూ తొక్కితొక్కి రాయిలా అయినవి. ఇది లోడర్ తోసిన మన్ను. ఆ తేడా మాలో ఒక్కరికీ తట్టలేదు. మేము చెరువుల కింద పుట్టిన వాళ్ళం, కట్ట గురించి మాకు ఒకరు చెప్పేదేమిటని ధీమా. జాలు చూసి సంబరపడి, అందులో కూర పండించుకుని తిన్నాం.

మజ్రాకు దిగువన పెద్ద రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. ఆ పని చూసే కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు. ఎగువ నుంచి రోడ్డు మీదికి నీళ్ళు ఎక్కడెక్కడ రావచ్చో చూసి, దారిలో ఉన్న ఈ సొంత కట్టను ఒక తరగతిలో వేయాలట. కారు దిగి హిందీలో ఏదో అడిగాడు. మా మాట విని ఆగిపోయాడు.

"మీరు తెలుగువాళ్ళా! ఎన్నాళ్ళకండీ బాబూ!" అన్నాడు. గోదావరి జిల్లా మనిషి.

మధ్యాహ్నం అన్నానికి ఉండమన్నాం. మొహమాటపడకుండా రేకు గదిలో నేల మీద కూర్చున్నాడు. పుంటికూర పప్పు వడ్డించగానే ఆయన కళ్ళు చెమర్చినంత పనైంది. "గోంగూర! ఇది దోహాలో కూడా ఇంత తాజాగా దొరకదండీ. అబూ హమూర్ మార్కెట్‌కి వెళ్తే వాడిపోయింది అంటగడతారు. ఎక్కడిదిది?"

బావ ఛాతీ విరుచుకుని గది వెనక్కి తీసుకెళ్ళాడు. ఇంజనీరు మళ్ళను చూశాడు, కట్ట వైపు చూశాడు. నవ్వు పోయింది. వంగి మట్టిలోకి వేళ్ళు దించాడు. మణికట్టు దాకా దిగిపోయింది చెయ్యి. బయటికి తీసి, కారుతున్న నీళ్ళను దోసిట్లో పట్టి ఎండకు ఎత్తి చూశాడు.

"నీళ్ళు తేటగా వస్తే పర్వాలేదండీ. ఇందులో మట్టి వస్తోంది. కట్ట లోపల కొంచెం కొంచెంగా కడుపు ఖాళీ అవుతోంది. అలుగు ఏదీ? నిండితే నీళ్ళు ఎటు పోతాయి?"

"గీ ఎడారిల అలుగు వారేటంత వాన యాడ వడ్తది సార్?" అన్నాడు బావ.

ఆయన టేపు తీసి కట్ట నుంచి మా గది గుమ్మం దాకా కొలిచాడు. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ముప్పు తరగతులు మూడట. కట్ట తెగినా ఎవరికీ ఏమీ కాదంటే లో. ఆస్తి పోతుందంటే మీడియం. మనుషులు పోతారంటే హై. కట్ట గట్టిదా బోలుదా అన్నది ఇందులోకి రాదట. బంగారంలాంటి కట్టయినా కింద మనుషులుంటే అది హై, పేడముద్దలాంటి కట్టయినా కింద ఎవరూ లేకపోతే లో.

"అంటే మమ్మల్ని బట్టే దాని తరగతి మారుతుందా?" అన్నాను.

"మిమ్మల్ని బట్టేనండీ. మీరు ఇక్కడ కాపురం ఉంటున్నారు కాబట్టి హై అని రాస్తాను. అప్పుడు మీ అర్బాబ్ అలుగు కట్టించాలి, ఈ ఊటకు దారి చెయ్యాలి, ఏటా తనిఖీ చేయించాలి."

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ దేశంలో మమ్మల్ని చూడకుండా ఉండటానికి కట్ట అడ్డం పెట్టారు. అలాంటిది మేము ఆరుగురం ఉన్నామన్న ఒక్క కారణానికి అంత మట్టిదిబ్బకు పెద్ద తరగతి వస్తోంది! రాయండి సార్, తప్పకుండా రాయండి అన్నాను.

కారు వెళ్ళగానే బావ నా మీద విరుచుకుపడ్డాడు. "నీకు బుద్ధి ఉన్నాదిరా? టేపు వట్టుకోని వచ్చినోడు మంచి చేసిపోయిండని ఎన్నడన్న ఇన్నవా? మా ఊరికి గూడ గిట్లనే వచ్చిండ్రు. ఇల్లిల్లు కొలిచిండ్రు, పేర్లు రాసుకున్నరు, చాయ్ తాగి పోయిండ్రు. ఆయెనక ఊరే లేదు."

"అది వేరు, ఇది వేరు. ఇప్పుడు మన ప్రాణాల కోసం రాస్తున్నారు."

"ప్రాణం! కొల్వు పోయినంక ప్రాణం ఎందుకురా?"

నేను కూడా తగ్గలేదు. నీది పిరికితనం అన్నాను, నోరు జారి ఇంకా ఏవేవో అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు అర్బాబ్ వచ్చినప్పుడు తేలింది, ఎవరిది తెలివో.

అర్బాబ్ చెడ్డవాడు కాదు. పండక్కి కొత్త బట్టలిచ్చేవాడు, జ్వరం వస్తే తన కారులోనే ఆసుపత్రికి పంపేవాడు. ఆ కారు నడిపే హైదరాబాద్ భాయ్ మాకూ ఆయనకూ మధ్య దుబాసీ. ఇంజనీరు చెప్పిందంతా నేను చెబితే భాయ్ అరబ్బీలో వివరించాడు. అర్బాబ్ శ్రద్ధగా విన్నాడు. గుడారం వైపు చూశాడు, బాతుల వైపు చూశాడు. అలుగు కోసం తవ్వితే చెరువు అందం పోతుంది. గదులు ఎగువకు మారిస్తే ఇంటి ఆడవాళ్ళకు ఇబ్బంది. కాసేపు గడ్డం నిమురుకుని, చిక్కుముడి విప్పినవాడిలా మొహం వెలిగించుకున్నాడు.

"నఫర్ మాఫీ, ముష్కిల్ మాఫీ" అన్నాడు.

మనుషులు లేకపోతే సమస్య లేదు. అంతే కదా మరి! లెక్క ప్రకారం తప్పేముంది? చెట్లకు డ్రిప్పు పైపులు వేసి, పొద్దున వచ్చి సాయంత్రం పోయే మనిషిని ఒకణ్ణి పెట్టుకుంటాడట. మిగతా వాళ్ళ వీసాలు క్యాన్సల్ చేసి ఇళ్ళకు పంపుతాడట. పెద్దవాడు కాబట్టి ముందు బావను. పాపం, ముసలాయన ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోవడం మంచిదని కూడా అన్నాడు, నిజంగా దయతోనే.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ మా పరిస్థితి. బావ నన్ను తిట్టినా బాగుండేది.  భాయ్ దగ్గర ఫోన్ అడిగి తీసుకుని, ఇంజనీరు ఇచ్చిపోయిన నంబరుకు తనే చేశాడు. "సార్, మీ కాల్మొక్త. లో అని రాయుండ్రి. మేం ఉంటలేమని రాయుండ్రి" అని బతిమాలాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఇంకా కాగితం పైకి పంపలేదు, మళ్ళీ వచ్చి చూస్తాను, ఏది కనబడితే అది రాస్తాను అన్నాడట ఇంజనీరు.

ఆయన వస్తానన్న రోజు పొద్దున మేము మా కాపురాన్ని చెరిపేశాం. మంచాలు, పరుపులు ఖర్జూరపు చెట్ల వెనక్కి మోశాం. గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బా పంపు గదిలో పెట్టాం. బట్టల తీగ విప్పాం, గోడ మీది క్యాలెండర్ తీశాం. చివరికి బావ పుంటికూర మళ్ళోకి దిగి ఒక్కో మొక్కనూ వేళ్ళతో సహా పీకాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. పీకిన గుంటల్లో నీళ్ళు ఊరుతుంటే కాలితో మట్టి నెట్టాడు. గదుల్లో ఎరువు బస్తాలు పేర్చి గోడౌన్ చేశాం. మిగిలిన నలుగురూ తోట అవతలికి వెళ్ళి కూర్చున్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు. దొంగతనం చేసినవాడు కూడా ఇంత జాగ్రత్తగా ఆనవాళ్ళు దాచడు. మేము చేసిందల్లా అక్కడ పడుకోవడం, వండుకు తినడం.

ఇంజనీరు వచ్చాడు. గది లోపలికి తొంగి చూశాడు. బస్తాలు చూశాడు. ఖాళీ మడి ముందు కాసేపు ఆగాడు.

"ఇక్కడ ఎవరుంటున్నారండీ?" అని బావను అడిగాడు.

"ఎవ్వరుంటలేరు సార్."

"రాత్రిళ్ళు?"

"ఎవ్వరుండరు సార్. గిది సామాన్ల రూమ్."

ఆయన బావ మొహంలోకి చూశాడు. అంతకు ముందు వారం ఆ గదిలోనే చెయ్యి నాక్కుంటూ పప్పన్నం తిన్న మనిషి. నిజం ఏమిటో ఆయనకు తెలియదా? తెలుసు. ఆ నిజం రాస్తే మమ్మల్ని ఏం చేస్తారో కూడా తెలుసు. "సరేనండీ" అన్నాడు. కారెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, వాన పట్టిన రోజు మాత్రం ఇక్కడ పడుకోవద్దు, ఎగువకు పొండి అన్నాడు. కట్టకు లో అనే తరగతే వచ్చింది. కొన్నాళ్ళకు ఆయన వేరే పని మీద వేరే దేశం వెళ్ళిపోయాడని విన్నాం.

ఆ సాయంత్రమే మంచాలు మళ్ళీ లోపలికి తెచ్చుకున్నాం. ఉద్యోగాలు నిలిచాయి. బావ చాలా రోజుల తర్వాత నవ్వాడు. నా వీపు మీద చరిచి, "బతికినంరా" అన్నాడు.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! లో అన్న మాట అర్బాబ్ చెవిలో ఇంకోలా పడింది. ఆయన దానికి తీసుకున్న అర్థం, ప్రమాదం లేదు అని. మేము గదులు ఖాళీ చేసి చూపించిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఇంజనీరే మనసు మార్చుకున్నాడనుకున్నాడు. ఇంజనీరు వచ్చి చూసి, ఈ కట్టకు భయం లేదని రాసిచ్చాడని వచ్చిన ప్రతి అతిథికీ చెప్పుకునేవాడు. ఆయన తమ్ముడికి కాంట్రాక్టు కంపెనీ ఉండేది. రోడ్డు పనికి వందల మంది కూలీలు దిగుతున్నారు, దోహాలో క్యాంపులన్నీ కిక్కిరిసి ఉన్నాయి, పెట్టడానికి చోటు లేదు. పని జాగాకు దగ్గర, పైగా భయం లేని జాగా. ఇంకేం కావాలి? ఒక వారంలో ట్రెయిలర్ల మీద పోర్టా క్యాబిన్లు వచ్చాయి. కట్ట పొడుగునా, పుంటికూర మడి ఉన్న చోట కూడా, వరుసగా దింపారు.

తర్వాత బస్సు వచ్చింది. దిగినవాళ్ళలో సగం మంది మా వైపువాళ్ళే. పెట్టెలు మోసుకుంటూ, "నీళ్ళ పక్కన రూములా, మనది లక్కు గదా" అని నవ్వుకుంటున్నారు. బావ మా గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన మొహం అంత పాలిపోవడం నేను ఊరు మునిగిన రోజు కూడా చూడలేదు.

"వీళ్ళను గీడికి తెచ్చింది నేనేరా" అన్నాడు.

"నువ్వెందుకు తెస్తావు బావా? వాళ్ళ కంపెనీ తెచ్చింది."

"ఎవ్వరు లేరని నేను చెప్తెనే గదా వీళ్ళు వచ్చిండ్రు."

వాళ్ళకు చెప్పి చూశాడు. కట్ట లోపల డొల్ల అవుతోంది, వేరే చోటు అడగండి అన్నాడు. వాళ్ళు అడిగితే ఎవడిస్తాడు? ఒకరిద్దరు విన్నారు, మిగతావాళ్ళు పెద్దాయనకు చాదస్తం అని నవ్వారు. బావ రాత్రిళ్ళు లేచి గోడకు చెయ్యి ఆనించి తడి చూసుకునేవాడు. శుక్రవారం కోసం ఎదురు చూశాడు. అర్బాబ్ కారు రాగానే ఎదురు వెళ్ళాడు.

భాయ్ భయపడ్డాడు. "మామా, కైకు? చుప్ రహో. నేనైతే ఆ మాట చెప్ప" అని మొహం తిప్పుకున్నాడు. నేను ముందుకు వెళ్ళబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ఎనకనే ఉండు. ఇద్దరం పోతే ఇల్లెట్ల?" అని, తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో తనే చెప్పాడు.

"అర్బాబ్, తహత్ నఫర్ వాజిద్. మోయా ఈజీ, కుల్లు మౌత్."

కింద మనుషులు చాలామంది ఉన్నారు, నీళ్ళొస్తే అందరూ చస్తారు అని. చేత్తో కట్టను చూపించాడు, మా గదిని చూపించాడు, మేము ఎప్పటినుంచో ఇక్కడే ఉంటున్నాం, ఇంజనీరుకు అబద్ధం చెప్పాను అని సైగలతో చెప్పాడు. అర్బాబ్ అంతా విన్నాడు. ఆయన కోప్పడలేదు, బాధపడ్డట్టు కనిపించాడు. భాయ్‌తో ఏదో అన్నాడు. భాయ్ తల దించుకుని మాకు చెప్పాడు.

"పూఛ్‌తా హై… అప్పుడు ఇంజనీర్‌కి చెప్పింది అబద్ధమా, ఇప్పుడు నాకు చెప్పేది అబద్ధమా అంటుండు. ఝూఠా ఆద్మీని నా తోటలో పెట్టుకోను అంటుండు."

 ఏ జవాబు చెప్పినా బావ అబద్ధాలకోరే. వారం తిరక్కుండా వీసా క్యాన్సల్ అయింది. క్యాబిన్లు ఒక్కటి కూడా కదల్లేదు. ఎయిర్‌పోర్టుకు పికప్‌లో నేనే దింపాను.  నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఎవరిమీద కోపమో చెప్పలేను. తిరిగి వచ్చేసరికి బావ మంచం మీద కొత్తవాడు పరుపు వేసుకుంటున్నాడు. అన్నా, ఫ్యాను స్విచ్ ఏది అని అడిగాడు. చూపించాను.

ఇంటిదగ్గర బావకు మర్యాద మిగల్లేదు. దుబాయ్ పోయి అబద్ధమాడి దొరికిపోయాడట, వెళ్ళగొట్టారట అని కాలనీలో చెప్పుకున్నారు. మా వాళ్ళకు గల్ఫంతా దుబాయే. అక్క ఫోన్లో ఏడ్చింది. ఉన్న కొలువు నోటి దురదకు పోగొట్టుకున్నాడు, ఎవరి కోసమో ఈయనకెందుకు అంది. అక్కను నేను తప్పు పట్టలేను. పని అడగబోతే వయసైపోయిందని తిప్పి పంపేవాళ్ళు.

ఆ చలికాలం వాన వచ్చింది. అలాంటి ఇలాంటి వాన కాదు. దోహాలో మెసైమీర్ వైపు కార్లు నీళ్ళలో తేలాయి, బడులు మూసేశారు. మా చెరువు అంచు దాకా నిండింది. గొడుగుల్లేక ప్లాస్టిక్ సంచులు నెత్తిన వేసుకుని, అంత మందిమీ పొద్దుటి నుంచీ ఎగువన నిలబడి కట్టను చూస్తూ గడిపాం. చిన్న పగులు, చిన్న జారుడు. అంతే. మధ్యాహ్నానికి వాన వెలిసింది. అర్బాబ్ వచ్చి కట్ట మీద అటూ ఇటూ నడిచి, నేను చెప్పలేదా అన్నట్టు అందరి వైపూ చూశాడు. సూపర్‌వైజర్ కేకేసి అందర్నీ గదుల్లోకి పొమ్మన్నాడు. వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. టీవీలో చూశాడట.

"కట్ట ఉన్నాదిరా?"

"ఉంది బావా."

"ఎవ్వరికేం గాలేదు గదా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ వంటలు చేసుకుంటున్నారు."

 ఆయనకు సంతోషంగానే ఉండి ఉంటుంది, బావ అలాంటి మనిషే. 

"మరి నేనెందుకొచ్చిన్రా ఇంటికి?" అన్నాడు.